క్రియ దాకా రాని వాక్యం: తెలుగులో మూడు చుక్కలు

రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగుతుంది. తెర మీద ఒక వార్తా శీర్షిక, సగమే కనిపిస్తుంది: ‘రేపు జిల్లాలో పాఠశాలలకు సెలవు…’ బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో ఆ పాటికే కేకలు మొదలవుతాయి. వేలితో తాకి తెరిస్తే అసలు వాక్యం ఇది: ‘రేపు జిల్లాలో పాఠశాలలకు సెలవు ప్రకటించలేదు’. ఇక్కడ ఎవరూ అబద్ధం రాయలేదు. తెర వెడల్పు చాలక ఫోన్ వాక్యాన్ని కోసింది, కోసినచోట మూడు చుక్కలు పెట్టింది. ఇంగ్లీషు శీర్షికను అదే కొలతకు కోస్తే అర్థం ఇలా తలకిందులు కావడం అరుదు. ఆ భాషలో ‘కాదు’, ‘లేదు’ అన్న కబురు వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. తెలుగులో అది అన్నిటికన్నా చివర, క్రియలో కలిసిపోయి వస్తుంది.

తెలుగులో మూడు చుక్కల గురించి మాట్లాడాలంటే ముందుగా పట్టించుకోవలసింది ఈ తేడానే. విరామ చిహ్నాల పాఠాల్లో కామాకు, ప్రశ్నార్థకానికి, కొటేషన్ గుర్తులకు చాలా వివరణ ఉంటుంది. మూడు చుక్కల వంతు వచ్చేసరికి ‘మాటలు విడిచిపెట్టినచోట వాడతారు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతుంటారు. విడిచిపెట్టింది ఏ మాటను అన్న ప్రశ్న ఆ వాక్యంలో లేదు. తెలుగు రాసేవారికి కావలసింది ఆ ప్రశ్నే.

గ్రీకులో ‘ఎల్లీప్సిస్’ అంటే లోటు, కొరత. ఇంగ్లీషు ఎలిప్సిస్ అక్కడి నుంచే వచ్చింది. పేరు లోపాన్ని మాత్రమే చెబుతుంది గానీ గుర్తు చేసే పనులు మూడున్నాయి. ఇంకొకరి మాటల్లో కొంత వదిలేశామని చెప్పడం ఒకటి. మాట్లాడుతున్న మనిషి వాక్యం ముగించకుండా ఆగిపోయాడని చూపడం మరొకటి. మాట తెగకుండా సాగిందని, గొంతు నెమ్మదించిందని చూపడం మూడోది. మొదటిది సంపాదకుడి పని, రెండోది పాత్ర పని, మూడోది గొంతు పని. మూడింటికీ గుర్తు ఒక్కటే కావడంతో, వదిలింది ఎవరో, ఆగింది ఎవరో పాఠకుడికి తెలియని చోట్లు ఏర్పడతాయి.

క్రియలో ఎంత సరుకు ఉందో ఒక్క మాట విప్పి చూస్తే తెలుస్తుంది. ‘వెళ్లలేకపోయిందట’. వెళ్లడమనే పని ఇందులో ఉంది. ఆ పని సాగలేదన్నది ఉంది. అది జరిగిపోయిన కాలపు ముచ్చట. వెళ్లలేకపోయింది మగవాడు కాదు. ఒక్కరే. పైగా ఈ సంగతి చెబుతున్నవాళ్లు కళ్లారా చూడలేదు, ఎవరో అనగా విన్నారు. ఇంగ్లీషులో ‘షి కుడ్ నాట్ గో టు…’ దగ్గర తెంచితే పోయేది ఏ ఊరన్నదో, ఎవరి ఇల్లన్నదో. తెలుగులో ‘ఆమె నిన్న వాళ్లింటికి…’ దగ్గర తెంచితే రోజు మిగులుతుంది, చోటు మిగులుతుంది. వెళ్లిందా, వెళ్లలేదా, వెళ్లాలనుకుందా, వెళ్లనివ్వలేదా, అసలు సంగతంతా పోతుంది. ఒకే మూడు చుక్కలు ఒక భాషలో కొసరును మింగితే ఇంకో భాషలో తీర్పును మింగుతున్నాయి.

కథ రాసేవారికి ఇందులో బలమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ‘ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. నాన్నగారు…’ అని ఒక పాత్ర ఆగిపోతే క్రియ కోసం ఏ పాఠకుడూ వెతుక్కోడు. ముందరి వాక్యం దాన్ని అందించేసింది. నోట రాని మాట చదివేవారి మనసులో పలుకుతుంది, ఆ బరువు వేరు. అదే ‘తలుపు తోసి చూశాడు. లోపల…’ అని అధ్యాయం ముగిస్తే పాఠకుడి చేతిలో ఏమీ లేదు. లోపల శవం ఉండవచ్చు, పిల్లి ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు. మొదటిచోట చుక్కలు పాఠకుడిని నమ్మాయి. రెండోచోట అతన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టాయి. వారపత్రికల సీరియళ్లు ఈ రెండో పనిని దాపరికం లేకుండా చేశాయి. చివర ‘సశేషం’ అనో, ‘ఇంకా ఉంది’ అనో పేరు పెట్టి ఆపేవి. వచ్చే వారం తలుపు తెరుచుకుంటుందన్న ఒప్పందం ఇద్దరికీ తెలుసు. ఆ ఒప్పందం లేనిచోట, ఒక కథ మధ్యలో పేజీకి పదిసార్లు తలుపులు మూసే చుక్కలు చదువరిని అలసిపోయేలా చేస్తాయి.

వాక్యం ముగియలేదని చెప్పడానికి తెలుగుకు చుక్కలు రాకముందే సొంత సరంజామా ఉంది. అసమాపక క్రియలు. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా. వీటిలో ఏది విన్నా చెవి తరువాతి మాట కోసం ఎదురుచూస్తుంది. ‘నాలుగు రోజులు ముందు చెప్పి ఉంటే…’ అన్న నిష్ఠూరంలో మిగతా సగం ఎవరూ పలకరు, పలకనక్కరలేదు. ‘వద్దామనే ఉంది గానీ…’, ‘ఆవిడంతగా అడిగితే కాదనలేక…’, ‘అబ్బే, అలా అని కాదు, ఊరికే…’ ఇంటింటా వినిపించే ఈ అరవాక్యాలు వినేవారికి పూర్తి వాక్యాలే. ఎదుటి మనిషి ముఖాన ‘కాదు’, ‘రాను’, ‘ఇవ్వను’ అనకుండా తప్పుకోవడానికి తెలుగు మర్యాద ఏర్పరచుకున్న దారి ఇది. క్రియ దగ్గర ఆగిపోతే కాదన్నట్టూ ఉంటుంది, అననట్టూ ఉంటుంది.

ఆ దారిలోనే నడిచే మాటలు కొన్ని మర్యాదకు సంబంధించినవి కావు. పెళ్లి మాటల దగ్గర వరుడి తరఫు పెద్దమనిషి గొంతు ఎలా ఉంటుందో చాలామంది విన్నదే: ‘కట్నం సంగతి మేమేమీ… మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది…’ రెండు వాక్యాలు, రెండిటికీ క్రియ లేదు. మొదటిదానికి ‘అడగం’ అన్న క్రియను అమ్మాయి తండ్రి తెచ్చుకోవాలి. రెండోదానికి ‘పెట్టండి’ అన్నది తెచ్చుకోవాలి. అడగడం జరిగిపోయింది, అడిగినట్టు రుజువు మాత్రం లేదు. ఈ సంభాషణను కాగితం మీద పెట్టే రచయితకు ఆ చుక్కలు అలంకారం కాదు, అవే సాక్ష్యం. వాటిని తీసేసి ‘కట్నం కావాలన్నట్టు సూచించాడు’ అని రాస్తే నేరం మిగులుతుంది, అది జరిగిన తీరు పోతుంది.

మరోపక్క, ప్రత్యయమే పని చేసేసినచోట చుక్కలు ఒక్కోసారి అనవసరం. ‘చెప్పాను గానీ.’ అని ఫుల్‌స్టాప్ పెట్టి చూడండి. మాట తెగినట్టే ఉంది, పైగా గట్టిగా తెగింది. చుక్కలు పెడితే నిట్టూర్పు వినిపిస్తుంది, చుక్క ఒక్కటే పెడితే విసుగు వినిపిస్తుంది. ఏది కావాలో పాత్రను బట్టి ఎంచుకోవడం రచయిత పని. ఆగడంలోనూ తేడా చూపవలసి ఉంది: మాట్లాడేవారే ఆగిపోతే చుక్కలు, ఎదుటివారు అడ్డం వస్తే గీత. ‘నేను నిన్ను మోసం చెయ్య—’ అన్నప్పుడు ఎవరో నోరు మూయించారు. ‘నేను నిన్ను మోసం…’ అన్నప్పుడు మూయించింది తన మనసే. తెలుగు అచ్చులో ఈ రెండూ తరచు ఒకదానికొకటి బదులుగా పడుతుంటాయి. ఈ తేడా పాటించడానికి ఖర్చేమీ లేదు, లాభం మాత్రం చాలా ఉంది.

ఇంగ్లీషు ముద్రణలో ఈ గుర్తు మొదట గీతల రూపంలోనే కనిపించిందని కేంబ్రిడ్జి పండితురాలు ఆన్ టోనర్ పరిశోధన చెబుతుంది. రోమన్ నాటకకర్త టెరెన్స్ రాసిన ‘ఆండ్రియా’కు 1588లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో, పాత్రల మాట తెగినచోట చిన్న అడ్డగీతలు వేశారు. అంటే ఈ గుర్తు పుట్టింది నాటకంలో, రంగం మీద మనుషులు మాట్లాడే తీరును కాగితం మీదికి తేవలసి వచ్చినప్పుడు. తెలుగు కథ కూడా వేరే కాదు. గ్రాంథిక భాషలో పాత్రలు తడబడటం తక్కువ. వాడుకభాష కథల్లోకి, నాటకాల్లోకి వచ్చాక నత్తి, సంకోచం, అరమాట అన్నిటికీ అచ్చులో చోటు కావలసి వచ్చింది. మూడు చుక్కలు ఆ అవసరానికి అందివచ్చాయి.

అంతకుముందు ఏం చేశారన్నది ఆసక్తికరమైన విషయం. తాళపత్రాల మీద మాటకూ మాటకూ మధ్య ఎడం కూడా ఉండేది కాదు. ఆపడానికి ఉన్న గుర్తులు దండం అనే నిలువు గీత, జంట దండం. గొంతు పూడుకుపోయిందని చెప్పాలంటే కవి ఆ మాటే చెప్పాలి: డగ్గుత్తిక పడింది, మాట తడబడింది, గద్గదమైంది. పోతన గజేంద్రుడి మొరలో దేవుడు ‘కలడో లేడో’ అన్న సందేహాన్ని మోసేవి చుక్కలు కావు, మాట చివరి ఓకారాలు. వాటిని విప్పి ‘కలడు… లేడు…’ అని రాసి చూస్తే ఎంత పోతుందో తెలుస్తుంది. ఓకారం సందేహాన్ని వ్యాకరణంలోనే నిలబెట్టింది.

చెప్పని అర్థం గురించి మన ఆలంకారికులు చాలా లోతుగా ఆలోచించారు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వనిని, అంటే మాటల వెనుక స్ఫురించే అర్థాన్ని, కావ్యానికి ఆత్మ అన్నాడు. అయితే ఆయన చూపిన ఉదాహరణల్లో మాట సగంలో ఆగిపోవడం వల్ల ధ్వని పుట్టదు. వాక్యం పూర్తవుతుంది, మాటలు నేరుగా చెప్పే వాచ్యార్థం స్పష్టంగా ఉంటుంది, ఆ స్పష్టత లోంచే ఇంకో అర్థం వినిపిస్తుంది. గంట మోగాక వచ్చే అనురణనం లాంటిదన్నారు దాన్ని. అనురణనం రావాలంటే ముందు గంట మోగాలి. కవిత్వంలో పంక్తి పంక్తికీ చివర మూడు చుక్కలు చల్లి లోతు తెద్దామనుకునేవారు మోగించడం మానేసి మోత కోసం ఎదురుచూస్తున్నారు. ఇది కాస్త కటువుగా ఉన్నా చెప్పక తప్పదు: పంక్తి చివరి చుక్కలను చెరిపేసి చదివినప్పుడు కవితలో ఏమీ తగ్గకపోతే, అవి మొదటి నుంచీ ఏమీ చేయడం లేదు.

విడిచిపెట్టడానికి ఒక క్రమం ఉండాలన్నది శాస్త్రకారుల పట్టుదల. వాక్యంలో లేని పదాన్ని అర్థం కోసం తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అన్నారు. మిగిలిన మాటలు కోరితేనే అది చెల్లుతుంది, ఇష్టం వచ్చిన పదం తెచ్చుకోవడానికి వీల్లేదు. పాణిని సూత్రాల్లో ఒకచోట చెప్పిన పదం తరువాతి సూత్రాల్లోకి నడిచి వస్తుంది, మళ్లీ చెప్పరు. దాని పేరు అనువృత్తి. వ్యాఖ్యాతలు శ్లోకంలో మొదటి మాట ఒక్కటి ఇచ్చి ‘ఇత్యాది’ అంటారు. తెలుగు పాటల పుస్తకాల్లో దీనికి అందమైన గుర్తు ఉంది. చరణం ముగిశాక పల్లవి మళ్లీ పాడాలని చెప్పడానికి మొదటి మాటను జంట దండాల మధ్య పెడతారు: ॥పలుకే॥. పాడేవారికి అక్కడ ‘పలుకే బంగారమాయెనా’ అన్న పల్లవి మొత్తం వినిపిస్తుంది. వదిలింది ఏమిటో, అది ఎక్కడ దొరుకుతుందో, ఎంతవరకు పాడాలో ఆ గుర్తే చెబుతుంది. ఇన్ని చెప్పే లోపచిహ్నం మూడు చుక్కల కుటుంబంలో లేదు.

సాగదీసే పనికి కూడా పాత గుర్తు ఒకటుంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు. దూరంగా ఉన్నవారిని పిలిచేటప్పుడు చివరి అచ్చు ప్లుతమవుతుందని పాణిని సూత్రం ‘దూరాద్ధూతే చ’ చెబుతుంది. రాతలో దాన్ని అచ్చు పక్కన 3 అంకె వేసి చూపుతారు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి సాగడం మన పలుకుకు సహజం. పొలం గట్టు మీద నుంచి ‘ఒరేయ్ రాముడూ…’ అని పిలిచినప్పుడు ఆ చుక్కలు లోపాన్ని చెప్పడం లేదు, మాత్రలను చెబుతున్నాయి. ఫోన్లలో పిల్లలు ‘సరేఏఏ’, ‘ప్లీజ్‌జ్‌జ్’ అని రాస్తే కొందరికి చిరాకు గానీ, ‘సరే…’ కన్నా ‘సరేఏఏ’ నిక్కచ్చిగా ఉంది. మొదటిదాంట్లో అయిష్టం ఉందో గారాబం ఉందో తెలియదు, రెండోదాంట్లో తెలుస్తుంది.

ఇక వార్తలు. మూడు చుక్కల వల్ల మనుషులకు నిజంగా నష్టం కలిగేది ఇక్కడ. ఒక మంత్రి ‘రైతులకు పరిహారం ఇవ్వబోమని మేం ఎక్కడా అనలేదు’ అన్నారనుకుందాం. దీన్ని ‘రైతులకు పరిహారం ఇవ్వబోమని…’ దగ్గర తెంచి ఉటంకిస్తే అక్షరం మార్చకుండానే ఆయన నోట వ్యతిరేకమైన మాట పలికించవచ్చు. ‘అని’ అన్న చిన్న మాట దీనికి వీలిస్తోంది. ఇంగ్లీషులో ‘మేం అనలేదు’ ముందొచ్చి, ఏం అనలేదో తరువాత వస్తుంది. తెలుగులో ఏమిటన్నది ముందు, ఎవరిదన్నది తరువాత. ‘కాలువ పనులు ఆగిపోయాయని…’ తరువాత ‘అధికారులు చెప్పారు’ రావచ్చు, ‘పుకారు పుట్టించారు’ రావచ్చు, ‘ఎవరన్నారు?’ అన్న ఎదురు ప్రశ్న కూడా రావచ్చు. వార్తా, పుకారూ, ఖండనా మూడూ ఒకే రకంగా మొదలయ్యే భాషలో ‘అని’ తరువాత తెంచడానికి అసలు ఒప్పుకోకూడదు. ఏ పత్రికకైనా శైలి నియమావళి రాసుకుంటే ఇది మొదటి వరుసలో ఉండాలి.

ఇతర భాషలవారు ఉటంకింపులోని లోపానికి కట్టుబాట్లు ఏర్పరచుకున్నారు. అమెరికా ప్రచురణకర్తలు అనుసరించే షికాగో పద్ధతిలో వాక్యం మధ్య వదిలితే మూడు చుక్కలు, వాక్యం ముగిశాక వదిలితే ఫుల్‌స్టాప్‌తో కలిపి నాలుగు. ఫ్రెంచివారు తాము వదిలినదాన్ని కుండలీకరణంలో పెట్టి, రచయిత సొంత చుక్కల నుంచి వేరు చేస్తారు. చైనా భాషలో రెండు అక్షరాల వెడల్పున ఆరు చుక్కలు వస్తాయి. తెలుగుకు బాగా సరిపోయేది ఫ్రెంచి అలవాటు. మన కథల్లో, ఉత్తరాల్లో, ప్రసంగాల్లో రచయితల సొంత చుక్కలు అంత విరివిగా ఉంటాయి కాబట్టి, ఉటంకించేవారు వదిలినచోట [...] అని చదరపు కుండలీకరణం ఉంటే తప్ప ఏవి ఎవరివో తేలదు. సిద్ధాంత గ్రంథాల్లో ఇది మరీ అవసరం. ఎంత కోసినా చివరి క్రియను మాత్రం కోయకూడదు. ‘రైతులకు పరిహారం ఇవ్వబోమని [...] అనలేదు’. నాలుగు మాటలకు కుదించినా మనిషి అన్నది అన్నట్టే ఉంది.

తెలుగు పత్రికల్లో నిజానికి మూడు చుక్కల కన్నా ఎక్కువగా కనిపించేవి రెండు చుక్కలు. ‘వాన వచ్చె.. వాగు పొంగె’ తరహా శీర్షికలు తెలియని పాఠకుడు ఉండడు. ఇది లోపచిహ్నం కాదు, ఇక్కడ ఏమీ లోపించలేదు. కామా కన్నా పెద్ద, ఫుల్‌స్టాప్ కన్నా మెత్తని విరామం ఇది. సెమికోలన్ మన చేతికి ఎప్పుడూ సరిగా పట్టుబడలేదు, ఆ ఖాళీలోకి ఈ జంట చుక్కలు వచ్చి కూర్చున్నాయి. కంటికి సంబంధించిన కారణం కూడా ఉండి ఉండవచ్చు. తెలుగు అక్షరాల కింద ఒత్తులు వేలాడుతుంటాయి. శీర్షికల పెద్ద అక్షరాల మధ్య కామా వాటిలో కలిసిపోతుంది, జంట చుక్కలు కలిసిపోవు. అన్నిటికన్నా ముఖ్యమైనది లయ. మన సామెతల్లో చాలావాటికి నడుమ ఒక విరుపు ఉంటుంది. ‘ఆలు లేదు చూలు లేదు’ అన్నాక ఒక క్షణం ఆగి ‘కొడుకు పేరు సోమలింగం’ అంటాం. శీర్షికలోని రెండు చుక్కలు ఆ విరుపునే పట్టుకున్నాయి. వ్యాకరణ పుస్తకాలు ఒప్పుకోకపోయినా శీర్షికల్లో ఈ వాడుకను తప్పనడం కష్టం. వార్త లోపలి పేరాల్లో కూడా ప్రతి కామా స్థానంలో ఇవే పడుతుంటే మాత్రం వాక్యం ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోతుంది. శీర్షికలో సొగసు పేరాలో సోమరితనమవుతుంది.

అదే జంట చుక్కలు వాక్యం చివరికి జరిగినప్పుడు కథ మారిపోతుంది. ‘బావిలోకి తొంగి చూస్తే..’, ‘పెళ్లి పీటల మీద వరుడు ఒక్కసారిగా..’, ‘చివరికి ఏమైందంటే..’ వీడియోల మీద, వార్తల లింకుల మీద రోజూ కనిపించే ఈ వాక్యాలకు సూత్రం ఒకటే: క్రియను దాచి అమ్మడం. ఇంగ్లీషులో ఈ పనికి ‘మీరు నమ్మలేరు’ లాంటి అదనపు మాటలు కావాలి. తెలుగులో ఏమీ చేర్చనక్కరలేదు, చివరి మాట తీసేస్తే చాలు. ‘చూస్తే’, ‘అంటే’, ‘దీంతో’ ఈ వ్యాపారంలో రోజూ పనిచేసే కూలీలు. బతికున్న మనిషి పేరు పక్కన తెగిన వాక్యం పెట్టినప్పుడు ఇది విసుగు పుట్టించే అలవాటుగా మాత్రమే మిగలదు. ఒక నటుడి పేరు, ‘ఇంట్లో విషాదం’ అన్న మాట, రెండు చుక్కలు. తెరిచి చూస్తే పెంపుడు కుక్క చనిపోయి ఉంటుంది. ఈలోగా ఆ కుటుంబానికి పరామర్శ ఫోన్లు మొదలవుతాయి. పెళ్లి మాటల పెద్దమనిషి లాగానే ఈ శీర్షిక కూడా ఏమీ అనలేదు. ఆ క్రియను తెచ్చుకున్నది పాఠకుడేనని తప్పించుకుంటుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే చుక్కలు పాత గ్రంథాల సంపాదకులవి. పురుగు కొట్టిన తాటాకు, విరిగిన అంచు, చెరిగిన రాయి. అక్షరం పోయినచోట పోయిందని ఒప్పుకోవడం వారి పద్ధతి. రాతప్రతిలో పోయిన భాగాన్ని గ్రంథపాతం అంటారు. తంజావూరు సరస్వతీ మహల్ లోనూ, మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనూ ఉన్న తెలుగు తాళపత్రాలతో పనిచేసిన పరిష్కర్తలకు ఈ మాట నిత్యం ఎదురయ్యేదే. శాసనాల పాఠాలు అచ్చు వేసేటప్పుడు కూడా చుక్కలే దిక్కు. కడప జిల్లా కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం ఆరో శతాబ్దపు చివరి భాగానిదని చెబుతారు, పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనాల్లో దానిది ముందు వరుస. దాని పాఠంలో ధనంజయుడి పేరు, రేనాడు పేరు చదవడానికి వస్తాయి, చాలా పంక్తుల్లో చుక్కలు వస్తాయి. తెలుగు వాక్యపు తొలి జాడల్లోనే ఈ చుక్కలున్నాయి, అయితే అవి చెక్కినవాడివి కావు, కాలానివి. గ్రీకు, లాటిన్ శాసనాలు చదివేవారు 1931లో లైడెన్‌లో కుదుర్చుకున్న పద్ధతి ప్రకారం, పోయిన అక్షరానికి ఒక చుక్క చొప్పున కుండలీకరణంలో పెడతారు. అక్కడ మూడు చుక్కలంటే ‘ఏదో కొంత’ అని కాదు, సరిగ్గా మూడు అక్షరాలని.

ఛందస్సు ఉన్న భాషలో ఈ లెక్క ఇంకా ముందుకు పోతుంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21, శార్దూలంలో 19, మత్తేభంలో 20. ఆకు చిరిగి పాదం మధ్య ఖాళీ ఏర్పడితే మిగిలినవి లెక్కపెట్టి ఎన్ని పోయాయో చెప్పవచ్చు. ఉత్పలమాల అయితే భ, ర, న, భ, భ, ర, వ అన్న గణాల వరుసను బట్టి పోయినవాటిలో ఏది గురువో ఏది లఘువో చెప్పవచ్చు. ప్రాసస్థానమైన రెండో అక్షరం పోతే మిగతా మూడు పాదాలు దాని హల్లును చెబుతాయి. ఉత్పలమాలలో పదో అక్షరం పోతే పాదం మొదటి అక్షరం యతిమైత్రి ద్వారా దాని జాతిని చెబుతుంది. అంటే పద్యంలో గ్రంథపాతం దగ్గర పెట్టే చుక్కల్లో ప్రతి చుక్కకూ బరువు ఉంది, కొన్నిటికి కులగోత్రాలు కూడా తెలుసు. ఇంత తెలిసినా మంచి పరిష్కర్త తన ఊహను మూలంలో కలపడు. చుక్కలు ఉంచి, పూరణను అడుగున సూచిస్తాడు. తెలిసినదానికీ తోచినదానికీ మధ్య ఆయన గీసే గీత అది.

కబుర్ల మెసేజీల్లో మూడు చుక్కల గురించి తరాల మధ్య అపార్థాలు ఉన్నాయి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎడం కోసం పెద్దవారు చుక్కలు పెడతారు: ‘బాగున్నావా… ఇక్కడ అందరం బాగున్నాం… పండక్కి వస్తున్నావా…’ చదివిన మేనకోడలికి ఆ చుక్కల్లో అలక వినిపిస్తుంది, అత్తయ్యకు కోపమొచ్చిందేమోనని మథనపడుతుంది. ఇంగ్లీషు రాసేవారిలో ఇదే తేడాను భాషాశాస్త్రవేత్త గ్రెచెన్ మెకలక్ 2019లో వివరించారు. మెసేజి పంపడమే ఒక విరామమైన తరానికి, మధ్యలో చుక్కలు ఏదో దాస్తున్నట్టు అనిపిస్తాయి. తెలుగులో దీనికి చిన్న పరీక్ష ఉంది. చుక్కల ముందున్న మాట సమాపక క్రియా కాదా చూడాలి. ‘బాగున్నాం…’ ముగిసిన వాక్యమే, అక్కడ దాచడానికి ఏమీ మిగల్లేదు. ‘నువ్వు వస్తావనుకుంటే…’ ముగియలేదు. అక్కడ మాత్రం అత్తయ్య నిజంగానే ఏదో అంటోంది.

చివరిగా యంత్రం సంగతి. మూడు ఫుల్‌స్టాప్‌లు కొట్టడం, ‘…’ అన్న ఒకే గుర్తును వాడటం కంటికి ఒకటే గానీ కంప్యూటర్‌కు వేరు. కంప్యూటర్లలో ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణమైన యూనికోడ్ రెండోదానికి సొంత సంఖ్య ఇచ్చింది. ఇంగ్లీషు ఎస్ఎమ్మెస్‌లో ఈ ఒక్క గుర్తు చేరితే సందేశం పరిమితి 160 అక్షరాల నుంచి 70కి పడిపోతుంది, మామూలు ఎస్ఎమ్మెస్ అక్షరమాలలో అది లేకపోవడమే కారణం. తెలుగు సందేశాలకు పరిమితి ఎలాగూ 70 కాబట్టి మనకు ఆ బాధ లేదు, మూడు చుక్కల బదులు ఒకే గుర్తు వాడితే రెండు స్థానాలు మిగులుతాయి కూడా.

అసలు బాధ తెర కోసే కోతతోనే. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం, మొత్తం ఆరు సంకేతాలు. సంకేతాలు లెక్కపెట్టి కోసే ప్రోగ్రాము దాన్ని ‘స్…’ అని గానీ ‘స్త…’ అని గానీ మిగల్చగలదు. అక్షరం ఎక్కడ ముగుస్తుందో చెప్పే యూనికోడ్ నియమాలు చాలాకాలం పొల్లు దగ్గర కోతను అనుమతించాయి. 2023లో వచ్చిన 15.1 సంచిక తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న నియమాన్ని చేర్చింది. అక్షరానికి ఆ రక్షణ దొరికింది. వాక్యానికి ఇంకా దొరకలేదు.

దొరకడం అసాధ్యమేమీ కాదు. ఫైలు పేరు పొడవైతే మ్యాక్ కంప్యూటర్లు దాన్ని చివర కోయవు, నడుమ కోస్తాయి, ఫైలు రకం చెప్పే చివరి అక్షరాలు ముఖ్యం కాబట్టి. ఫోన్లలో ప్రోగ్రాములు రాసేవారికీ నడుమ కోసే ఏర్పాటు అందుబాటులోనే ఉంది, వాడుకే లేదు. క్రియ చివర వచ్చే భాషలన్నిటికీ, అంటే తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ, జపనీసు, కొరియన్ లాంటివాటికి, వార్తా యాప్‌లు ఆ పద్ధతినే పాటిస్తే పిల్లల ఇంట్లో తెర మీద కనిపించేది ‘రేపు జిల్లాలో… సెలవు ప్రకటించలేదు’. అప్పటిదాకా శీర్షిక రాసే ఉపసంపాదకుడి చేతిలో ఉన్నది తెలుగు వాక్యానికి ఉన్న స్వేచ్ఛ. కోత ఎక్కడ పడినా అర్థం చెడకుండా మాటలను తిప్పి పెట్టవచ్చు: ‘సెలవు లేదు.. రేపు జిల్లాలో పాఠశాలలు…’